మొదటి వరస

పందొమ్మిదో నంబరు బస్సు
కొండ అంచున ఆగిపోతుంది. అక్కణ్ణించి నడకే.
ముక్కులో ఊపిరి గడ్డకట్టి
సన్నటి సూదిలా గుచ్చుతుంది.
చంకలో గణాంక శాఖ ఫారాలు,
కోటు లోపల, ఒంటి వేడికి ఆనించి, పెన్ను.
సిరా గడ్డకట్టిందా,
ఈ కొండమీద ఎవరి లేమీ నమోదు కాదు.

కింద ఉలాన్‌బాతర్.
అద్దాల మేడలు, వాటికి పైన క్రేన్లు,
క్రేన్లకు పైన పొగ,
పొగకు పైన
ఖండ్‌సురేన్ ఉన్నిగుడారం.

తల వంచి లోపలికి వెళ్లానో లేదో
గిన్నెడు ఉప్పు టీ చేతిలో పెట్టింది.
శిక్షణలో వారం రోజులు కూర్చున్నాను గానీ
ఆ టీ ఏ గడిలో రాయాలో ఎవరూ చెప్పలేదు.

నెల రోజుల చిట్టా కూతురు ఉయాంగా రాసింది.
తొమ్మిదో తరగతి. గుండ్రటి అక్షరాలు.
పిండి, పది కిలోలు.
నీళ్లు, మూడు డబ్బాలు. బండి తాడు తెగింది. ఇది ఖర్చేనా?
బొగ్గు ఇటుకలు, రెండు బస్తాలు. అప్పు.
మావయ్య పంపిన గొర్రె తొడ. డబ్బివ్వలేదు.
అమ్మకి పంటి నొప్పి. లవంగాలు.
అమ్మకి పంటి నొప్పి.
అమ్మకి పంటి నొప్పి.
తగ్గిందంది.

నిన్న కింద, పదకొండో అంతస్తులో,
కుళాయి తిప్పి వదిలేసి
ఫోన్లో మాట్లాడుతూ ఉండిపోయినాయన
లీటరుకి కట్టేది ఈవిడ కట్టేదానికంటే తక్కువ.
రెండు ఫారాలూ నా సంచిలోనే ఉన్నాయి
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ,
పలకరించుకోకుండా.

"మీ ఆయన?"
"సరిహద్దు దగ్గర. లారీల వరసలో ఇవాళ్టికి నాలుగో రోజు."
షరవ్ బొగ్గు తోలతాడు.
గోబీ ఇసకలో, ఇంజను ఆపితే చస్తాడు,
ఆపకపోతే డీజిలు అతని లెక్కలోకే.
దేశం పెరిగిందంటారే,
ఆ పెరుగుదలకి టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగించి
సరిహద్దు దాకా మోసుకెళ్లేది ఇతనే.

మూల టీవీ. గొంతు తగ్గించి ఉంది.
టై కట్టుకున్నాయన పెదాలు కదులుతున్నాయి,
కింద ఎర్ర పట్టీలో అక్షరాలు: నూటికి ఏడు.
ఖండ్‌సురేన్ అడిగింది,
కోపంగా కాదు, తెలియని ఊళ్లో దారి అడిగినట్టు:
"ఆ ఏడు ఎక్కడ దిగింది తమ్ముడూ?
మా బస్సెక్కలేదా?"

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు.
ఇక్కడ వడ్డించేవాడి మొహం
ఎవరూ చూళ్లేదు.
గరిటె చప్పుడు మాత్రం
ప్రతి సాయంత్రం ఏడింటికి వినిపిస్తుంది.

నేను టీ ఊదుకున్నాను.

"పోనీ, మీ లెక్కల్లో మేమెక్కడ?"
చెప్పకూడదు. చెప్పాను.
ఇళ్లన్నిటినీ వరసగా నిలబెట్టి
పది ముక్కలు చేస్తాం.
మీది మొదటి ముక్క.

"మొదటిదా!"
వాచిన దవడ అరచేత్తో అదిమిపట్టుకుని నవ్వింది.
"విన్నావుటే ఉయాంగా,
ఎక్కడో ఒకచోట ఫస్టొచ్చాం."

ఉయాంగా నవ్వలేదు.
నా వేపు చూసింది. బళ్లో
లెక్కలు బాగా వచ్చే పిల్ల అయ్యుంటుంది.
కింది నుంచి లెక్కపెడతామని
నేను నోటితో అనక్కర్లేకపోయింది.

దిగుతుంటే మంచు జారుతోంది.
నా జీతం, నా అద్దె, మా ఆవిడ కుట్టుపని
అన్నీ కలిపితే నేను ఆరో ముక్క.
కిందటేడూ ఆరే, అంతకు ముందూ ఆరే.
కదలకుండా ఉండటానికి
ఎంత పరిగెత్తానో నాకు తెలుసు.

బస్సు రాలేదు.
స్తంభానికి ఫారం ఆనించి
అట్టడుగున 'ఇతరములు' అన్న చోట,
పై అధికారి రేపు కొట్టేస్తాడని తెలిసీ, రాశాను:

టీ, ఒక గిన్నె, పాలు పోసినది.
ఇచ్చినవారు: మొదటి పదోవంతు.
పుచ్చుకున్నవారు: ఆరవది.